పాత అంబాసిడర్ స్లోలో నిలబడకపోతే: కార్బొరేటర్ జోలికి వెళ్లేముందు

పెట్రోలు అంబాసిడర్ ఉన్నవాళ్లకి ఈ జబ్బు కొత్త కాదు. జొన్నాడ వంతెన, సిద్ధాంతం వంతెన రెండూ సాఫీగా దాటేస్తుంది, రోడ్డు మీద లాగుడు ఎక్కడా తగ్గదు. పెరవలి జంక్షన్లో ఆగి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసరికి స్టీరింగు వణుకుతుంది, ఇంజిను పొలమారినట్టు రెండు మూడుసార్లు కొట్టుకుంటుంది, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. మర్నాడు షెడ్డుకి తీసుకెళ్తే అసలేమీ జరగనట్టు నిలబడి ఉంటుంది. మెకానిక్కు కార్బొరేటర్ స్క్రూలు రెండు తిప్పి, స్లో (కాలు తీసినప్పుడు ఇంజిను తిరిగే వేగం) కాస్త పెంచి పంపిస్తాడు. వారం తిరక్కుండా మళ్లీ మొదటికే.

స్లో పెంచితే జబ్బు దాక్కుంటుందే గాని పోదు. పైగా స్క్రూలు మొదటే తిప్పేస్తే అంతకుముందు సెట్టింగు ఎలా ఉండేదో తెలిసే దారి కూడా పోతుంది. ఎప్పుడూ ఉండే మిస్సింగుని, అంటే మంట సరిగ్గా అంటుకోక ఇంజిను కొట్టుకోవడాన్ని, విడిభాగాలు మార్చుకుంటూ పోయినా ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు. వచ్చిపోయేదానితో ఆ పద్ధతి కుదరదు. అది ఏ పరిస్థితిలో వస్తోందో ముందు తేల్చాలి, వచ్చిన ఆ రెండు నిమిషాల్లోనే పరీక్ష చెయ్యాలి.

ఇక్కడ చెప్పేదంతా 1489 సీసీ పెట్రోలు ఇంజిను గురించి. ఇంగ్లండు బీఎంసీ డిజైను, హిందుస్తాన్ మోటార్స్ వాళ్ల ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్‌కి దశాబ్దాల పాటు బిగించింది ఇదే. తర్వాత వచ్చిన ఇసుజు పెట్రోలు ఇంజినుకి, డీజిల్ బండ్లకి ఈ కొలతలు పనికిరావు.

స్లోలోనే ఎందుకు బయటపడుతుందంటే, థ్రాటిల్ (కార్బొరేటర్లో గాలి దారికి ఉండే మూత) దాదాపు మూసుకుని ఉన్నప్పుడు సిలిండర్లోకి పోయే గాలీ పెట్రోలూ చాలా తక్కువ. అందులో మునుపటి మంట తాలూకు పొగ కూడా కలిసి ఉంటుంది. అంటుకోవడమే కష్టమయ్యే మిశ్రమం అది. కార్బొరేటర్ నుంచి సిలిండర్లకి పోయే గొట్టంలో, అంటే మేనిఫోల్డ్‌లో, పీల్పు కూడా అప్పుడే ఎక్కువ. వెంట్రుకంత సందులోంచి దూరే గాలి స్లోలో మిశ్రమాన్ని మార్చేస్తుంది. కాలు నొక్కగానే పీల్పు పడిపోతుంది, అసలు గాలి ఎక్కువవుతుంది, ఆ సందు లెక్కలోకి రాదు. దీనికి తోడు పాత డైనమో బండ్లలో స్లోలో చార్జింగు దాదాపు ఉండదు, ప్లగ్గులకి నిప్పు పుట్టించే కాయిలుకి కరెంటంతా బ్యాటరీయే ఇవ్వాలి. ఇన్ని బలహీనతలు ఒకేచోట కలిసేది స్లోలోనే.

బానెట్ ఎత్తి చూస్తే, ప్లగ్గులూ డిస్ట్రిబ్యూటరూ డ్రైవరు వైపు ఉంటాయి. కార్బొరేటరూ, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లూ ఎడమవైపు. ఎగ్జాస్ట్ వేడంతా కార్బొరేటర్ కిందే ఉంటుందన్నమాట. ఇంకో సంగతి, ఈ హెడ్‌లో ఇన్‌లెట్ దారులు రెండే: 1, 2 సిలిండర్లకి ఒకటి, 3, 4కి ఇంకొకటి. అందుకని 1, 2 కలిసి గాని, 3, 4 కలిసి గాని నీరసిస్తే మేనిఫోల్డ్ గాస్కెట్‌ని ముందు అనుమానించాలి. 2, 3 కలిసి నీరసిస్తే ఆ రెంటి మధ్య హెడ్ గాస్కెట్ పోయిందేమో చూడాలి. ఒక్కటే అయితే ప్లగ్గు, వైరు, వాల్వు. నాలుగూ వంతులేకుండా కొట్టుకుంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉండే చోట, అంటే పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్లో కాయిలు కరెంటుని కలిపి తెంచే స్విచ్చి), కాయిలు, కార్బొరేటర్ దగ్గర వెతకాలి.

బండిలో చిన్న పుస్తకం ఒకటి పెట్టుకోండి. మిస్సింగు వచ్చిన ప్రతిసారీ ఇంజిను చల్లగా ఉందా వేడిగా ఉందా, వానా మంచా ఎండా, లైట్లు వేసి ఉన్నాయా, పెట్రోలు ఎప్పుడు కొట్టించారు, కాలు మెల్లగా తీశారా టక్కున తీశారా రాయండి. ధనుర్మాసం మంచులో పొద్దున్నే కొట్టుకుని పది నిమిషాల్లో సర్దుకుంటే హైటెన్షన్ వైపు (ప్లగ్గు వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు) తేమ, లేదా గైడులో పట్టేసే వాల్వు. అరగంట తిరిగాకే వస్తూ, చల్లారితే పోతుంటే కండెన్సర్, కాయిలు. రోహిణి కార్తె ఎండలో టీ తాగడానికి ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడే అయితే కార్బొరేటర్ తొట్టిలో పెట్రోలు మరుగుతోంది. లైట్లూ వైపరూ వేసినప్పుడే అయితే వోల్టేజి. కాలు తీసిన ప్రతిసారీ స్లో ఒక్కో చోట నిలబడుతుంటే థ్రాటిల్ స్పిండిల్ గాని, డిస్ట్రిబ్యూటర్లో అడ్వాన్సు బరువులు గాని.

ఇక అసలు పరీక్ష. దానికి టైమింగ్ లైటు కావాలి. టైమింగ్ పెట్టడానికే అనుకుంటారు గాని, వచ్చిపోయే మిస్సింగుని రెండుగా చీల్చడానికి ఇంతకన్నా చవకైన సాధనం లేదు. ఇంజిను కొట్టుకుంటున్నప్పుడే దాని క్లిప్పుని కాయిలు నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వచ్చే మధ్య వైరుకి పెట్టి వెలుగు చూడండి. ఇంజిను తడబడినప్పుడల్లా వెలుగు కూడా తప్పుతుంటే జబ్బు కాయిలు, కండెన్సర్, పాయింట్లు, వాటికి వచ్చే కరెంటులో ఉంది. మధ్య వైరు మీద వెలుగు నిలకడగా ఉండి, ఒక ప్లగ్గు వైరు మీద తప్పుతుంటే క్యాపు, రోటరు, ఆ వైరు. అన్నిచోట్లా నిలకడగా ఉన్నా ఇంజిను కొట్టుకుంటుంటే పెట్రోలు, గాలి, వాల్వుల వైపు వెళ్లాలి. ఒక్క మెలిక ఉంది: వైరు గుండా కరెంటు పారిందనే లైటు చెబుతుంది, ప్లగ్గు కొనన నిప్పు పడిందని కాదు. మసిపట్టిన ప్లగ్గు కూడా వెలుగు చూపిస్తుంది. అందుకని ప్లగ్గుల్ని ముందే విప్పి తుడిచి, సందు 0.025 అంగుళం, అంటే 0.64 మి.మీ., పెట్టుకుని మొదలెట్టాలి.

వెలుగు తప్పుతోందనుకుందాం. డిస్ట్రిబ్యూటర్ క్యాపు తీసి, పాయింట్లకి వచ్చే చిన్న వైరుని చూడండి. వేలెడంత కూడా ఉండదు, పైన బట్టతొడుగో ప్లాస్టిక్కో ఉంటుంది. పాయింట్లు కూర్చున్న ప్లేటు వ్యాక్యూమ్ అడ్వాన్సుతో అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఈ వైరు వంగుతుంది. ఏళ్ల తరబడి వంగి వంగి లోపలి రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి, పై తొడుగు మాత్రం చెక్కుచెదరదు. చూపుకి బాగానే ఉంటుంది, మీటరు పెట్టినా బాగానే ఉంటుంది, ప్లేటు ఒక మూలకి తిరిగినప్పుడే కరెంటు తెగుతుంది. అందుకే ఈ వైరుని మీటరుతో కొలుస్తూనే ప్లేటుని చేత్తో తిప్పాలి. ఇంకో చివర పట్టుకుని మెల్లగా లాగినప్పుడు రబ్బరులా సాగితే లోపల పోగులు లేవన్నట్టే. దీని జోడీ ఇంకొకటుంది, ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి పోయే ఎర్త్ వైరు. పాయింట్లు మార్చేటప్పుడు దాని స్క్రూ సగం బిగించి వదిలేస్తుంటారు. కొన్ని బండ్లలో అది అసలుండదు. ఈ రెంటికీ మెత్తటి, సన్నపోగుల వైరే వాడాలి. ఇంటి వైరింగులో వాడే ఒంటి తీగ వేస్తే నెల తిరక్కుండా తెగుతుంది.

పాయింట్ల సందు 0.014 నుంచి 0.016 అంగుళం, 0.35 నుంచి 0.40 మి.మీ. అయితే షాఫ్టు బుష్ అరిగితే ఈ కొలతకి అర్థం లేదు. రోటరు తీసి షాఫ్టుని పక్కలకి ఊపండి. ఆట తెలిసిందంటే నాలుగు లోబుల దగ్గరా సందు నాలుగు రకాలుగా ఉంటుంది, ఫీలర్ గేజి ఒక లోబు మీద పెట్టి బిగించడం వల్ల ఒరిగేదేం లేదు. డ్వెల్ మీటరుంటే (పాయింట్లు ఎన్ని డిగ్రీల సేపు మూసుకుని ఉంటాయో చెప్పేది) ఇంకా స్పష్టం: 60 డిగ్రీలకి మూడు అటూ ఇటూ ఉండాలి. వ్యాక్యూమ్ గొట్టం తీసేసి స్లో నుంచి 2000 ఆర్‌పీఎం దాకా లేపినప్పుడు మూడు డిగ్రీల కన్నా ఎక్కువ మారితే బుష్ వేయించాల్సిందే. ప్లేటు కింద ఉన్న అడ్వాన్సు బరువుల స్ప్రింగులు సాగిపోతే స్లోలోనే అడ్వాన్సు మొదలై, ఆర్‌పీఎం ఎక్కుతూ దిగుతూ ఊగుతుంది. దాన్ని కార్బొరేటర్ తప్పని పొరబడడం మామూలే.

కండెన్సర్ విలువ 0.18 నుంచి 0.24 మైక్రోఫారడ్ మధ్య ఉండాలి. చల్లగా కొలిస్తే సరిగ్గానే చూపించి, వేడెక్కాక లీకయ్యే రకాలు బజారులో చాలా ఉన్నాయి. ఇక్కడ కొలవడం కన్నా మంచిదని తెలిసిన ఇంకో కండెన్సర్‌ని, మిస్సింగు వస్తున్నప్పుడే, బయట నుంచి కాయిలు మీద డిస్ట్రిబ్యూటర్‌కి పోయే చిన్న వైరు మొనకి కట్టి పాతదాని వైరు తప్పించి చూడడం తేలిక. పాయింట్ల మీద ఒకవైపు గుంట, రెండోవైపు మొటిమ లేచాయంటే కండెన్సర్ అనుమానం బలపడుతుంది. బాలాస్ట్ (విడిగా ఉండే రెసిస్టరు) లేని 12 వోల్టుల కాయిలు ప్రైమరీ సుమారు 3 ఓమ్‌లు చూపించాలి. దాన్ని కూడా వేడి మీదే కొలవాలి.

వోల్టేజి సంగతి తేల్చడానికి పాయింట్లు మూసుకున్న స్థితిలో ఇగ్నిషన్ వేసి, బ్యాటరీ దగ్గరా కాయిలు కరెంటు వచ్చే మొన దగ్గరా కొలవండి. తేడా అర వోల్టు దాటితే మధ్యలో ఎక్కడో తినేస్తోంది. ఇగ్నిషన్ స్విచ్చి లోపలి పట్టీలు, ఫ్యూజు బాక్సు క్లిప్పులు ముందు చూడాలి. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి ఫ్యూజు క్లిప్పులు పచ్చగా చిలుం పడతాయి. ఎమరీ కాగితంతో గీకి, కొద్దిగా వాసెలిన్ రాస్తే చాలు. ఇంజినుకీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ ఉందో లేదో కూడా చూడండి. ఇంజిను దించి ఎక్కించినప్పుడు దాన్ని మళ్లీ బిగించని బండ్లు బోలెడు. సెల్ఫ్ కొడుతుంటే చోక్ కేబులు వేడెక్కిందంటే ఎర్త్ ఆ కేబులు గుండా వెళ్తోందన్నమాట.

తేమ కోసం వాన వచ్చేదాకా ఆగక్కర్లేదు. కడియం నర్సరీల్లో మొక్కలకి నీళ్లు కొట్టే చేతి స్ప్రేయరు తీసుకుని, చీకటి పడ్డాక, ఇంజిను స్లోలో ఉండగా వైర్ల మీదా క్యాపు మీదా సన్నటి తుంపర కొట్టండి. చేతులు దూరంగా ఉంచండి. నీలం గీతలు మెరిసిన చోటే లీకు. క్యాపు లోపల గోరుతో గీసినట్టు నల్లటి గీత కనిపిస్తే అది కార్బన్ దారి. తుడిస్తే పోదు, క్యాపు మార్చాలి. మధ్య కార్బన్ బ్రష్ స్ప్రింగు మీద కదులుతోందా, విరిగి కింద పడి ఉందా చూడాలి. రోటరు పైన ఇత్తడి రేకుని రివెట్టుతో బిగించిన నాసిరకం రోటర్లలో ఆ రివెట్టు గుండా నిప్పు కింది షాఫ్టుకి దిగిపోతుంది. ఇది బయటికి కనపడదు. మధ్య వైరు మీద వెలుగు నిలకడగా ఉండి, నాలుగు ప్లగ్గు వైర్ల మీదా అప్పుడప్పుడు తప్పుతుంటే రోటరు మార్చి చూడండి.

నిప్పు వైపు అంతా సరిగ్గా ఉందని తేలితే అప్పుడు పెట్రోలు, గాలి. కొట్టుకుంటున్నప్పుడు చోక్ కొద్దిగా లాగండి. సర్దుకుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా సందుల్లోంచి దొంగగాలి దూరుతోంది. ఇంకా పాడైతే పెట్రోలు ఎక్కువవుతోంది, అంటే ఫ్లోటు నీడిల్ వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు.

ఈ మధ్య ఈ చిక్కు పెరగడానికి బంకులో వచ్చే పెట్రోలు కూడా ఒక కారణం. 2025 నాటికి మన దగ్గర పెట్రోలులో 20 శాతం ఇథనాల్ మామూలైపోయింది. ఉత్త పెట్రోలు పూర్తిగా మండడానికి ఒక పాలుకి 14.7 పాళ్ల గాలి కావాలి. 20 శాతం కలిసినదానికి సుమారు 13.5 చాలు. పాత జెట్లు మాత్రం పాత లెక్క ప్రకారమే పోస్తాయి, కాబట్టి మిశ్రమం పల్చనవుతుంది. రోడ్డు మీద తెలియకపోవచ్చు, స్లోలో తెలుస్తుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. గోదావరి జిల్లాల గాలిలో తేమకి కొదవ లేదు. సగం ఖాళీ ట్యాంకుతో కొబ్బరి తోటలోని షెడ్డులో నెలల తరబడి ఉండి, సంక్రాంతికి బయటికి తీసే బండిలో నీరు చేరి చేరి, ఒక హద్దు దాటాక ఇథనాల్‌ని వెంటబెట్టుకుని అడుక్కి దిగిపోతుంది. పంపు ముందు లాగేది ఆ అడుగునున్నదాన్నే. పాత ట్యాంకు గోడల తుప్పుని కూడా అది కదిలిస్తుంది.

చూడడానికి కార్బొరేటర్ తొట్టిలోని పెట్రోలుని గాజు సీసాలోకి వంపి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీరు. ఎర్రటి పొడి దిగితే తుప్పు. ఆ పొడిలో ఒక్క రేణువు స్లో జెట్ కింద తిరుగాడుతూ ఉంటుంది. పీల్పుకి వచ్చి రంధ్రానికి అడ్డం పడుతుంది, ఇంజిను ఆపగానే జారి కిందపడుతుంది. షెడ్డుకి వెళ్లేసరికి జబ్బు మాయమయ్యే కేసుల్లో ఇదొకటి. సోలెక్స్ కార్బొరేటర్ ఉన్న బండ్లలో స్లో జెట్ విప్పి గాలి కొట్టించాలి. సూదితో గాని తీగతో గాని పొడిస్తే రంధ్రం పెద్దదై మరో జబ్బు మొదలవుతుంది. ట్యాంకు కడిగించకుండా జెట్ ఒక్కటే ఊదితే నాలుగు రోజుల ముచ్చట. ట్యాంకు గాలి దారి కూడా చూడండి. నిలవున్న బండిలో కుమ్మరి పురుగు ఆ గొట్టంలో మట్టిగూడు కడుతుంది. కొంత దూరం వెళ్లాక పెట్రోలు అందక బండి నీరసిస్తుంది, ట్యాంకు మూత తీస్తే బుస్సుమని గాలి లోపలికి పోయి మళ్లీ బాగవుతుంది.

ఎస్‌యూ కార్బొరేటర్ అయితే పైనున్న డ్యాష్‌పాట్‌లో పల్చటి ఆయిలు ఉందో చూసి, పిస్టన్‌ని పైకెత్తి వదలండి. టక్ మని కింద కూర్చోవాలి. మెల్లగా దిగినా, మధ్యలో ఆగినా పిస్టన్ పట్టేస్తోంది, లేదా జెట్ మధ్యకి లేదు. పిస్టన్‌నీ లోపలి గోడనీ పెట్రోలు గుడ్డతో తుడవాలి తప్ప ఎమరీ తగలనివ్వకూడదు.

దొంగగాలికి కూడా అదే నీళ్ల స్ప్రేయరు. మేనిఫోల్డ్ హెడ్‌కి కలిసే చోట, కార్బొరేటర్ అడుగు గాస్కెట్ దగ్గర, థ్రాటిల్ స్పిండిల్ రెండు చివర్లా విడివిడిగా కొట్టి ఆర్‌పీఎం మారుతుందేమో వినండి. కార్బొరేటర్ క్లీనరు డబ్బాతో ఇదే పని చేస్తారు గాని, కాలుతున్న ఎగ్జాస్ట్ సరిగ్గా కిందే ఉండగా అది కొట్టడం ఒళ్లు కాల్చుకునే పని. స్పిండిల్ అరుగుదల ఈ ఇంజిన్లలో ఎక్కువ. కాలు తీసినప్పుడు స్పిండిల్ ఏ పక్కకి ఒరిగి కూర్చుంటే దాన్ని బట్టి సందు మారుతుంది. అందుకే స్లో ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. కొత్త గాస్కెట్లేవీ దీన్ని బాగుచెయ్యలేవు, బాడీకి బుష్ వేయించాలి. బ్రేకు బూస్టరు ఉన్న బండిలో పెడలు నొక్కినప్పుడే కొట్టుకుంటే దాని గొట్టం తీసి, మేనిఫోల్డ్ వైపు మొన మూసి చూడండి.

వ్యాక్యూమ్ గేజి దొరికితే ఈ గాలి, వాల్వుల తగువు సగం తేలిపోతుంది. మంచి ఇంజిను స్లోలో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్క) మధ్య ముల్లు కదలకుండా చూపిస్తుంది. నిలకడగా తక్కువ చూపితే దొంగగాలి గాని, వెనకబడ్డ టైమింగు గాని. లెక్కగా ఒకే లయలో టక్ టక్ మని పడుతుంటే ఒక వాల్వు కారుతోంది. ఎప్పుడో ఒకసారి పడి మళ్లీ లేస్తే పట్టేసే వాల్వు. గేజి లేకపోతే సైలెన్సర్ మూతి దగ్గర పల్చటి కాగితం పట్టండి. బయటికి కొట్టుకుంటూ మధ్యమధ్యలో లోపలికి పీల్చుకుంటే ఎగ్జాస్ట్ వాల్వు అనుమానం.

ట్యాపెట్ల సందు 0.015 అంగుళం, 0.38 మి.మీ. ఎనిమిది వాల్వులకీ తొమ్మిది లెక్క పనిచేస్తుంది: 1వది పూర్తిగా నొక్కుకుని ఉన్నప్పుడు 8వది, 3వది నొక్కుకున్నప్పుడు 6వది, అలా కూడితే తొమ్మిది వచ్చేది సెట్ చెయ్యాలి. చప్పుడు చేసే ట్యాపెట్‌ని అందరూ పట్టించుకుంటారు, ప్రమాదం మాత్రం చప్పుడు లేనిదానితో. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ సీసం పాత హెడ్‌లలో వాల్వు సీట్లకి రక్షణగా ఉండేది. అది పోయాక ఎగ్జాస్ట్ సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది, ట్యాపెట్ సందు దానంతటదే తగ్గుతుంది, వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. చల్లగా బాగుండి, వేడి మీద ఒక సిలిండరు నీరసించే కేసుకి కారణం చాలాసార్లు ఇదే. సెట్ చేసిన కొన్నాళ్లకే సందు మళ్లీ తగ్గిందంటే హెడ్ దించి గట్టి సీట్లు వేయించక తప్పదు. కంప్రెషన్ చూసేటప్పుడు నాలుగు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడే చూడాలి. తక్కువ వచ్చినదాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిలు పోసి మళ్లీ కొలిస్తే పెరిగిందా, రింగులు. పెరగలేదా, వాల్వు లేదా గాస్కెట్.

కార్బొరేటర్ సెట్టింగు వంతు చిట్టచివర వస్తుంది. ప్లగ్గులు, పాయింట్లు, టైమింగు, ట్యాపెట్లు అయ్యాక, ఇంజిను బాగా వేడెక్కాక పట్టుకోవాలి. సోలెక్స్‌లో మిశ్రమం స్క్రూని మెల్లగా లోపలికి బిగించి (గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది) ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలెట్టండి. ఆర్‌పీఎం ఎక్కడ ఎక్కువైతే అక్కడ ఆపి, స్లో స్క్రూతో దించుకోండి. ఎస్‌యూలో పక్కనున్న లిఫ్టింగ్ పిన్నుతో పిస్టన్‌ని ముప్పావు మిల్లీమీటరు మాత్రం ఎత్తాలి. ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, జెట్ నట్టుని పైకి. పడిపోతే తక్కువ, కిందికి. చిటికెడు పెరిగి వెంటనే మామూలుకొస్తే సరిపోయినట్టు. ఒక్కసారికి నట్టు ఆరు పలకల్లో ఒక పలక మాత్రమే తిప్పి, ఒకసారి యాక్సిలరేటర్ లేపి వదిలి, మళ్లీ చూడాలి. ఇథనాల్ పెట్రోలుకి పాత సెట్టింగు మీద ఒకటి రెండు పలకలు కిందికి పడుతుంది. తిప్పినదంతా పుస్తకంలో రాసి పెట్టుకుంటే వచ్చే వేసవిలో ఎక్కడి నుంచి మొదలెట్టాలో తెలుస్తుంది.